పిన్ని కొన్న గ్యాస్

చలి ముదిరేకొద్దీ ముఖం వికసించే మనిషి ఆ వీధిలో ఒక్కడే. అతను ఇళ్ళను వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్లు బాగుచేసే మెకానిక్. కిటికీ అద్దాలకు మంచు పట్టిందంటే అందరూ ముసుగుతన్ని పడుకునేవారు, ఇతను మాత్రం పనిముట్ల సంచి భుజాన తగిలించుకుని ఈల వేసుకుంటూ వ్యానెక్కేవాడు. అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. గొడుగులమ్మేవాడు వాన కోసం ఎదురుచూడడా? అయితే ఆ ఏడాది అతను చలిని కోరుకున్న తీరు వేరు. అది కూలి కోసం కోరుకున్నది కాదు.

తన పనితనం గురించి అతనికి కొంచెం గర్వం ఎక్కువే. మంట రంగు చూసి బర్నర్‌లో మసి పట్టిందో లేదో చెప్పేవాడు. గొట్టాల అతుకుల మీద సబ్బునురగ రాస్తే ఒక్క బుడగ లేచినా చాలు, లీకు పట్టేసేవాడు. ఇన్ని తెలిసినవాడికి గ్యాస్ ధర గురించి తెలియదంటే ఎలా? ఒక ఆఫీసు భవనం అడుగున బాయిలర్ కింద వెల్లకిలా పడుకుని ఉండగా, పక్కన నిలబడి ఫోన్లో మాట్లాడుతున్న ఒక కోటు మనిషి, "నేచురల్ గ్యాస్ ఫండ్ కొన్నాను, చలికాలం రానీ, చూద్దువుగాని" అనడం అతని చెవిన పడింది. మెకానిక్‌కి నవ్వొచ్చింది. బాయిలర్ మూత ఏవైపు తెరుచుకుంటుందో తెలియని మనిషి గ్యాస్ మీద సంపాదిస్తాడట! మరి ఊళ్ళో బాయిలర్లన్నీ చేతులతో తడిమిన తను ఎంత సంపాదించాలి?

ఆ ఆలోచన అతన్ని వదల్లేదు. ఫండ్ కొనడం చూస్తే కూరగాయలు కొన్నంత సులువు. ఫోన్లో ఒక యాప్, అందులో షేర్లు కొన్నట్టే ఈ ఫండ్ యూనిట్లు కొనుక్కోవచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకోవచ్చు. పేరులోనే గ్యాస్ ఉంది, ఇంక చదవాల్సిందేముంది? వివరాల పత్రం చాంతాడంత ఉంది. దాన్ని వేలితో చివరిదాకా జరిపేసి "చదివాను, అంగీకరిస్తున్నాను" అన్నచోట నొక్కాడు. బాయిలర్ కొన్నవాళ్ళు దాంతో వచ్చే పుస్తకం చదవరని నలుగురిలో ఎద్దేవా చేసే మనిషే ఇతను.

సొంత డబ్బుతో సరిపెట్టుకుని ఉంటే అతని తిప్పలేవో అతను పడేవాడు. పిన్ని డబ్బు కూడా అందులో పెట్టాడు.

తల్లి పోయాక అతన్ని చేరదీసి పెంచింది పిన్నే. ఆమె దర్జీ. మార్కెట్ పక్కనున్న కొట్టును, ఓపిక తగ్గాక, అమ్మేసింది. ఆ డబ్బు దేనికో ముందే అనుకుంది: ఏళ్ళ తరబడి అద్దెకుంటున్న కింది అంతస్తు రెండు గదులనూ కొనుక్కోవాలి. మోకాళ్ళు అరిగిపోయిన మనిషి, మెట్లెక్కలేదు. వీధివైపు కిటికీ దగ్గర కూర్చుని చిన్నాచితకా కుట్టుపని చేసేది. దారినపోయేవాళ్ళు అద్దం మీద తట్టి, చిరిగిన కోటు లోపలికి అందించి, కాసేపు కబుర్లు చెప్పి వెళ్ళేవారు. ఇంటి యజమాని అమ్మడానికి ఒప్పుకున్నాడు గానీ, అతను చెప్పిన ధరకు పిన్ని దగ్గరున్నది కొంచెం చాల్లేదు. ఆ కొంచెం కోసమే గ్యాస్ మాట వచ్చింది.

"ఎంతలేదన్నా చలికాలానికి ఒకటిన్నర రెట్లవుతుంది పిన్నీ," అన్నాడు మెకానిక్, వేసవిలో ఒకరోజు ఆ కిటికీ దగ్గరే కూర్చుని. "ఇప్పుడు ఎండలు. గ్యాస్ ఎవడిక్కావాలి? చవగ్గా దొరుకుతుంది. చలి మొదలయ్యాక చూడు, ధర కొండెక్కి కూర్చుంటుంది. అప్పుడు అమ్మేస్తాం."

"గ్యాస్ కొంటావా! ఎక్కడ పెడతావురా అంత గ్యాస్? నీ వ్యాన్‌లోనా?"

"మనమెందుకు పెట్టుకుంటాం? ఫండ్ వాళ్ళు దాస్తారు. భూమిలోపల పెద్దపెద్ద ట్యాంకులుంటాయి. అందులో మన వాటా మనకుంటుంది."

"పాడైపోదూ?"

"గ్యాస్ పాడవడమేంటి పిన్నీ, పాలేమన్నానా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ట్యాంకుల సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. అడిగినదానికి ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పాడు, చెప్పాక తనూ నమ్మేశాడు.

అతని భార్యకు మాత్రం ఇది మొదట్నుంచీ మింగుడుపడలేదు. ఆమె లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది, నిలబడి నిలబడి సంపాదించిన డబ్బంటే ఏమిటో ఆమెకు తెలుసు. "మీ డబ్బు మీరేం చేసుకున్నా నేనడగను," అంది. "ఆవిడది ముట్టుకోకండి. మళ్ళీ సంపాదించే ఓపిక ఆవిడకి లేదు."

"గ్యాస్ గురించి నాకు చెప్పొచ్చావా?" అన్నాడతను, కాస్త గట్టిగానే. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆకులు రాలే కాలం వచ్చింది. సాయంత్రాలు చల్లబడ్డాయి. వార్తల్లో గ్యాస్ ధర కొద్దికొద్దిగా పెరుగుతోందన్నారు. కానీ ఫోన్లో ఫండ్ మాత్రం కిందికే చూస్తోంది. ఒకరోజు ధర పెరిగితే ఇదీ కాస్త పెరిగేది, మర్నాటికి మళ్ళీ ఉసూరుమనేది. నెల తిరిగేసరికి ఎక్కడో కొంచెం అరిగిపోయి ఉండేది. వాళ్ళ ఫీజు కాబోలనుకున్నాడు. తర్వాత, కంపెనీ లెక్కలు మనకెందుకులే అనుకున్నాడు. ఆ తర్వాత తన మొత్తం ఎంతుందో చూడటమే మానేసి, యూనిట్ ధర ఒక్కటే చూసేవాడు. వ్యాన్‌లో ఈల వినపడటం తగ్గిందని భార్య గమనించింది, కానీ అడగలేదు.

ఇంతలో ఒక ఉదయం, ఒక ఇంట్లో గొట్టం బిగిస్తూ మధ్యలో ఫోన్ తీసి చూసేసరికి అతని కళ్ళు తిరిగాయి. యూనిట్ ధర రాత్రికి రాత్రి పది రెట్లయింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. పది రెట్లే. ఈసారి భయం మాని మొత్తం కూడా చూశాడు. అక్కడా పది రెట్లే చూపిస్తోంది. అతని కాళ్ళు నేల మీద నిలవలేదు. చేతులు తుడుచుకోకుండానే పిన్నికి ఫోన్ చేశాడు.

"పిన్నీ, పదింతలు! నేను చెప్పలా? పదింతలయింది!"

అవతల పిన్ని చేతిలో కత్తెర పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. "నిజంగానా నాన్నా? ఈ గది నాదేనా ఇంక?"

"గదేంటి, బిల్డింగే కొనొచ్చు నువ్వు!"

మధ్యాహ్నానికి యాప్ తన లెక్క తను సరిచేసుకుంది. ధర పది రెట్లే ఉంది, కానీ యూనిట్లు పదోవంతయ్యాయి. చేతిలో ఉన్న మొత్తం నిన్నటికంటే ఇంకాస్త తక్కువే. ఫండ్ వాళ్ళు నెలరోజుల కిందటే మెసేజ్ పంపారు. యూనిట్ ధర మరీ చిల్లరకు పడిపోయింది కాబట్టి, పది పాత యూనిట్లకు ఒక కొత్త యూనిట్ ఇస్తామని అందులో ఉంది. దాన్ని అతను ప్రకటనలతో పాటు తుడిచేశాడు. వ్యాన్‌లో కూర్చుని, ఎవరూ లేకపోయినా సిగ్గుతో చచ్చిపోయాడు.

వెంటనే పిన్నికి నిజం చెప్పేసి ఉంటే ఎలా ఉండేదో. చెప్పాలనే పోయాడు కూడా. వీధి మలుపు తిరిగేసరికి కిటికీ తెరిచి ఉంది, అవతల ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు, పిన్ని నవ్వుతూ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. అతన్ని చూడగానే, "అదుగో, మాటల్లోనే వచ్చాడు! వీడేనమ్మా నా పెద్దకొడుకు," అంది. ఆమెకు పిల్లలు లేరు. ఆ మాట ఆమె అంతకుముందెప్పుడూ అనలేదు.

లోపలికి వెళ్ళాక ఇంకో మాట చెప్పింది. ఉదయమే యజమానిని పిలిపించుకుని, ఇంట్లో చేతి ఖర్చులకు ఉంచుకున్న డబ్బంతా బయానాగా ఇచ్చేసిందట. చలికాలం వెళ్ళేలోగా మిగతాది కడతానని, కట్టలేకపోతే బయానా వదులుకుని గదులు ఖాళీ చేస్తానని సంతకం కూడా పెట్టిందట. అడిగిన ధర మీద బేరమాడలేదని యజమాని ఆశ్చర్యపోయాడట కూడా.

"ఎందుకంత తొందరపడ్డావు పిన్నీ?" అన్నాడు మెకానిక్, నీళ్ళు నములుతూ.

"తొందరా? ఎన్నేళ్ళ బట్టి చూస్తున్నానురా!"

చెప్పాలని వచ్చింది చెప్పకుండానే లేచాడు. చలి ఇంకా పూర్తిగా రాలేదు కదా, అసలు ధర ముందుంది కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఆరోజు నుంచి అతను చలి కోసం కాచుక్కూర్చున్నాడు.

అలా కోరుకోవడం మొదలుపెట్టాక మనిషి మారిపోయాడు. పొద్దున లేవగానే వాతావరణం చూసేవాడు. ఎండ కాస్తే ముఖం మాడ్చుకునేవాడు. ఉత్తరపు గాలులు వస్తున్నాయంటే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఒక ఇంట్లో పసిబిడ్డను గుండెలకు హత్తుకుని నిలబడిన తల్లి, "ఈ చలి ఎప్పుడు తగ్గుతుందో ఏమో అన్నా," అంటే, "ఇదేం చలమ్మా, ఇంకా గట్టిగా పడాలి," అనేశాడు. ఆమె బిత్తరపోయి చూసింది. బాయిలర్ వెలిగించి, కూలి కూడా తగ్గించి తీసుకుని బయటపడ్డాడు. తన నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో అతనికే అర్థం కాలేదు. ఇళ్ళు వెచ్చబెట్టడమే పనిగా బతికిన మనిషి, ఇళ్ళు గడ్డకట్టాలని కోరుకుంటున్నాడు. అతనికి తనంటే తనకే భయం వేసింది.

ఒకరోజు పిన్ని దగ్గరికి వెళ్తే గది చల్లగా తగిలింది. బాయిలర్ నుంచి వేడినీళ్ళు వచ్చి తిరిగే రేడియేటర్ ముట్టుకున్నాడు, చల్లగా ఉంది. బాయిలర్ పాడైందేమోనని పరుగున వెళ్ళి చూస్తే, శుభ్రంగా ఉంది. ఎవరో ఆపేశారు.

"నేనే ఆపాను," అంది పిన్ని, ఒకదాని మీద ఒకటి వేసుకున్న స్వెటర్లలోంచి ముఖం బయటపెట్టి. "అమ్ముకోవాల్సిన గ్యాస్‌ని మనమే తగలేసుకుంటామా ఏంటి?"

"అయ్యో పిన్నీ, అది వేరు, ఇది వేరు!"

"ఎందుకు వేరు? ట్యాంకులోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి నా ఇంట్లోకే కదా వచ్చేది? నేను కాల్చినంత నా వాటాలో తగ్గదూ?"

నవ్వు రావాల్సిన చోట అతనికి నవ్వు రాలేదు. బాయిలర్ వెలిగించి, ఆపనని ఒట్టు వేయించుకుని వెళ్ళాడు. అతని వ్యాన్ మలుపు తిరగ్గానే ఆమె మళ్ళీ ఆపేసిందని తర్వాత తెలిసింది. ఆ ట్యాంకులు లేవని ఒక్క మాట చెప్పి ఉంటే ఆపేది కాదు. కానీ ఆ ఒక్క మాట చెబితే మిగతావన్నీ చెప్పాలి.

ఎట్టకేలకు చలి వచ్చింది. మామూలు చలి కాదు. కుళాయిలు గడ్డకట్టాయి, గొట్టాలు పగిలాయి, బడులు మూసేశారు, మెకానిక్ ఫోన్ మోగడం ఆపలేదు. గ్యాస్ ధర ఎగబాకిందని వార్తల్లో గోల. ఫండ్ కూడా పైకి లేచింది. లేచింది గానీ, మొత్తం వేసవిలో పెట్టినదానికి ఇంకా చాలా దిగువనే ఉంది. ఇప్పుడే కదా మొదలైంది, ఇంకో రెండు రోజులు ఆగుదాం అనుకున్నాడు.

మూడోరోజు ధర పడిపోయింది. బయట చలి తగ్గలేదు, చేతులు పనిముట్లకు అతుక్కుపోతున్నాయి, అయినా ధర పడిపోయింది. రెండు వారాల తర్వాత ఎండ కాస్తుందని ఎవరో ఎక్కడో లెక్కగట్టారట, అంతే, అక్కడ కొనేవాళ్ళు చేతులు దులుపుకున్నారు. ఫండ్ ముందున్న చోటుకన్నా కిందికి జారింది. మెకానిక్ వ్యాన్‌ను రోడ్డు పక్కన ఆపి, మొదటిసారిగా ఆ కంపెనీ సహాయం నంబరుకు ఫోన్ చేశాడు. ఒక అమ్మాయి ఎత్తింది.

"ఊరంతా గడ్డకట్టుకుపోతుంటే మీ గ్యాస్ ఎలా పడిందమ్మా? ట్యాంకుల్లో ఉన్నదాన్ని ఏం చేశారు?"

"ట్యాంకులేమీ ఉండవండీ," అంది ఆ అమ్మాయి మర్యాదగా. "మా దగ్గర గ్యాస్ ఉండదు. ఫలానా ధరకు వచ్చే నెల గ్యాస్ తీసుకుంటామని రాసుకున్న ఒప్పందాలుంటాయి. ఆ నెల దగ్గరపడేసరికి వాటిని అమ్మేసి, తర్వాతి నెలవి కొంటాం."

"కొంటే?"

"తర్వాతి నెలవి చాలాసార్లు ఎక్కువ ధర ఉంటాయండీ. తక్కువకి అమ్మి ఎక్కువకి కొన్నట్టవుతుంది. అంటే అదే డబ్బుకి నెలనెలా కొంచెం తక్కువ గ్యాస్."

"మరి చలికాలం? చలికాలంలో పెరగాలిగా?"

"చలికాలం వస్తుందని అందరికీ తెలుసు కదండీ. ఆ పెరుగుదల ముందునుంచే ధరలో కలిసి ఉంటుంది. మీరెప్పుడు కొన్నారు?"

"వేసవిలో."

"ఇంతకాలం ఉంచుకున్నారా అండీ? ఇది ఇవాళ కొని రేపో ఎల్లుండో అమ్మేసేవాళ్ళ కోసం. పత్రంలో మొదటి పేజీలోనే రాశారు."

మెకానిక్ ఫోన్ ఒళ్ళో పడేసుకుని కూర్చుండిపోయాడు. ఇదీ లీకే. నెలనెలా అతుకు దగ్గర కారిపోయే లీకు. ఊళ్ళో ప్రతి గొట్టానికీ సబ్బునురగ రాసి చూసినవాడు, పిన్ని డబ్బు పోసిన గొట్టానికి మాత్రం రాయలేదు. తన మీద తనకు ఎంత అసహ్యం వేసిందంటే, పక్కన ఇంకో ఇంటివాళ్ళు ఎదురుచూస్తున్నారన్న సంగతి కూడా మరిచిపోయాడు.

ఆ సాయంత్రం పిన్ని గదిలో బాయిలర్ ఆపేసే ఉంది. ఆమె వేలికొసలు నీలంగా మారాయి, సూది పట్టుకోవడం కుదరక కుట్టుపని పక్కన పెట్టేసింది. అతను ముందు బాయిలర్ వెలిగించాడు. తర్వాత ఆమె ముందు నేల మీద కూర్చుని, దాచకుండా అంతా చెప్పాడు. పది రెట్ల సంగతీ చెప్పాడు.

పిన్ని వేళ్ళు రుద్దుకుంటూ విన్నది. రేడియేటర్‌లో నీళ్ళు కదిలే చప్పుడు మొదలైంది.

"మరి నేనింతకాలం చలికి వణికి ఎవరి గ్యాస్ ఆదా చేశానురా?" అంది చివరికి.

అతను తల దించుకుని ఏడ్చాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి.

"మిగిలిందెంత?"

"మూడోవంతు కూడా లేదు పిన్నీ."

"ఈ గదులు పోయినట్టే. సరే. ఆ మిగిలింది రేపే అమ్మేసి నా చేతిలో పెట్టు. వెనక వీధిలోనో ఎక్కడో, కింద ఒక్క గది అద్దెకు దొరక్కపోదు. దానికి అది కొన్నేళ్ళపాటు చాలు. నాకు కింద గదైతే చాలురా, వీధి కనిపిస్తే చాలు."

"రేపే అమ్మేస్తాను," అన్నాడు. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అన్నాడు.

మర్నాడు ఫోన్ తీశాడు. అమ్మే చోట వేలు పెట్టాడు. అక్కడున్న మొత్తాన్ని చూశాడు. కొట్టు అమ్మిన డబ్బు, ముప్ఫై ఏళ్ళు మిషను తొక్కిన కాళ్ళు సంపాదించిన డబ్బు, ఇంతేనా? నొక్కితే ఇంతే అయిపోతుంది. నొక్కనంతసేపూ ఇంకా ఏదో ఒకటి జరగొచ్చు. యుద్ధం రావచ్చు, ఎక్కడో గొట్టం పగలొచ్చు, చలి మళ్ళీ తిరగొచ్చు. ఆ అమ్మాయి చెప్పినదంతా గుర్తుంది. అంతా అర్థమైంది కూడా. అయినా వేలు వెనక్కి తీసుకున్నాడు. రేపు చూద్దాంలే అనుకున్నాడు. తర్వాత ప్రతిరోజూ అదే అనుకున్నాడు.

చలికాలం వెళ్ళిపోయింది. యజమాని మంచివాడే, మరో వారం గడువిచ్చి, అదీ అయ్యాక తాళంచెవి అడిగాడు. అతను రేపూ మాపూ అంటూ వచ్చాడు, కింద గది వెతకడానికి చేతిలో డబ్బు లేదు కాబట్టి, పిన్ని ప్రస్తుతానికి మెకానిక్ ఇంటికి రావడానికి ఒప్పుకుంది. అతనిల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, అతనూ, సాయానికి వచ్చిన అతని బావమరిదీ చెరోవైపు పట్టుకుని మోశారు. బయట మంచి ఎండ కాస్తోంది, పక్కింటివాళ్ళు కిటికీలు తెరుచుకున్నారు. రెండో అంతస్తు దగ్గర బావమరిది ఆయాసంతో ఆగాడు. "పెళ్ళికూతుర్ని కూడా ఇలా మొయ్యరు కదరా," అని పిన్ని నవ్వింది. నవ్వుతూనే మెట్ల సందులోంచి ఒకసారి కిందికి చూసి, కళ్ళు తిరిగినట్టయి, మెకానిక్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పైన భార్య మంచం వేసి, కొత్త దుప్పటి పరిచి ఉంచింది. పిన్ని కాస్త తేరుకున్నాక కిటికీ దాకా నడిపించమంది. అక్కణ్ణుంచి వీధిలో మనుషుల నడినెత్తులు కనిపించాయి. వాళ్ళలో ఒకరిద్దర్ని ఆమె గుర్తుపట్టినట్టుంది, చెయ్యి ఊపింది. పైకి ఎవరూ చూడలేదు.

"అది అమ్మేశావా నాన్నా?" అంది, అతనివైపు తిరక్కుండానే.

మెకానిక్ భార్య చేతిలో పని ఆపి అతని వంక చూసింది.

"అమ్మేశాను పిన్నీ. డబ్బు చేతికి రావడానికే కొంచెం టైం పడుతుందట."

"పడనీలే. మంచిపని చేశావు." ఆమె మంచం దగ్గరికి వచ్చి కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంది. గుమ్మం దగ్గర కింది గదుల నుంచి తెచ్చిన పెట్టెల తాళ్ళు విప్పడానికి కోడలు వంగుతుంటే వారించింది. "అవి విప్పకమ్మా. నాలుగు రోజుల్లో మళ్ళీ కిందికి దించాలి కదా. ఊరికే రెండు పనులెందుకు?"

భార్య తాడు వదిలేసి పక్కకు జరిగింది. మెకానిక్ ముందుకొచ్చి, ఆ పెట్టెలను ఒక్కొక్కటిగా ఎత్తి గోడవారన పేర్చాడు.